మార్కెట్ ఇచ్చిందంతా మన కష్టమేనా?

"ఎవరి కష్టం వాళ్ళది, ఎవరి సంపాదన వాళ్ళది. మధ్యలో నీకేం నొప్పి?" ఆదాయాల్లో తేడాల గురించి మాటొస్తే మా ఆఫీసులోనైనా, బంధువుల ఇళ్ళలోనైనా చర్చ తిరిగి తిరిగి ఈ మాట దగ్గరే ఆగుతుంది. అనేవాళ్ళేమీ రాతిగుండె మనుషులు కారు. ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురి ఫీజు కట్టేవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. వాళ్ళ లెక్క సూటిగా ఉంటుంది. కొనేవాడు ఇష్టపడి కొన్నాడు, అమ్మేవాడు ఇష్టపడి అమ్మాడు, ఎవరూ ఎవరి జేబూ కొట్టలేదు. అలాంటప్పుడు ఒకడి దగ్గర కోటి మిగిలి, ఇంకొకడి దగ్గర వెయ్యి మిగిలితే అందులో అన్యాయమేముంది?

జేబు కొట్టలేదన్నంతవరకు నాకూ పేచీ లేదు. ఆ వెంటనే చప్పుడు లేకుండా ఇంకో మాట వచ్చి చేరుతుంది: "కాబట్టి ఎవరికి దక్కాల్సింది వాళ్ళకి దక్కింది." అదే నాకు మింగుడుపడదు. మాది మదనపల్లె వైపు. టమోటా పండే చోట పుట్టి పెరిగినవాళ్ళు మార్కెట్ ధరకీ మనిషి కష్టానికీ లంకె ఉందంటే అంత తేలిగ్గా నమ్మరు.

2023 గుర్తు చేసుకోండి. ఆ ఏడాది మే నెలలో ధర లేక మహారాష్ట్ర రైతులు టమోటా పారబోశారు. గిట్టుబాటు కాని పంట మళ్ళీ ఎందుకని చాలామంది కొత్త తోట పెట్టలేదు. పెట్టినవాళ్ళలో కొందరిని ఎండ, కొందరిని వైరస్ తెగులు, కొందరిని అకాల వర్షం దెబ్బకొట్టాయి. సరుకు తగ్గింది. జూన్ చివర్లో పెరగడం మొదలైన ధర జూలై నెలాఖరుకి మదనపల్లె మార్కెట్లో మొదటి రకం కాయ కిలో 200 దగ్గరికి ఎగబాకింది. నెలన్నరలో కోట్లు కళ్ళజూసిన రైతుల కథలు టీవీల నిండా వచ్చాయి. తోటల దగ్గర మంచాలు వేసుకుని రాత్రుళ్ళు కాపలా పడుకున్నారు. ఆ ధర చూసి, అప్పటిదాకా వద్దనుకున్నవాళ్ళు కూడా నారు తెచ్చి నాటారు. నాటిన రెండు నెలలకి టమోటా కోతకొస్తుంది. అందరిదీ ఒకేసారి వచ్చింది. సెప్టెంబరులో కర్నూలు జిల్లా వైపు కిలో నాలుగైదు రూపాయలకి పడిపోయింది. కోత కూలి, బాడుగ కూడా రావని రోడ్డు పక్కన కుప్పలు పోశారు.

జూలైలో అమ్మినవాడూ సెప్టెంబరులో పారబోసినవాడూ చేసిన పనిలో తేడా ఏముందో చెప్పండి. ఇద్దరూ దుక్కి దున్నారు, మల్చింగ్ పేపరు పరిచారు, డ్రిప్పు లాగారు, కట్టెలు పాతి తాడు కట్టారు, ఊజీకి మందు కొట్టారు. ఇద్దరికీ ఎకరానికి లక్షన్నర, రెండు లక్షల దాకా పెట్టుబడి అయింది. ఇంకా చెప్పాలంటే రెండోవాడు గిరాకీ ఉన్నప్పుడు నారు కొన్నాడు కాబట్టి పైసా ఎక్కువే పెట్టుంటాడు. జూలై కోటి కష్టఫలమే అని ఒప్పుకుంటే, సెప్టెంబరు రైతు కష్టపడలేదని కూడా ఒప్పుకోవాల్సి వస్తుంది. ఆ మాట అనే ధైర్యం ఎవరికైనా ఉందా?

జూలై ధరలో ఇంకో సంగతి కూడా దాగుంది. ఆ ధర అంత పెరిగింది పక్క తోటలు పోయాయి కాబట్టే. అందరి తోటలూ బాగా వచ్చుంటే ఆ రైతుకీ మామూలు ధరే వచ్చేది. వైరస్ తగిలి పీకేసిన పక్కవాడి పంట విలువలో కొంత నడిచొచ్చి ఇతని లెక్కలో చేరింది. ఇందులో ఇతని తప్పు రవ్వంత లేదు. ఏళ్ళ తరబడి బోర్లకీ మందులకీ చేసిన అప్పులు ఒక్క సీజనులో తీరిపోతే సంతోషించాల్సిందే, నేనూ సంతోషించాను. మా ఊళ్ళో ఆ ఏడాది రెండు కొత్త ట్రాక్టర్లు దిగాయి, ఒక పెళ్ళి ఘనంగా జరిగింది. నేను అడిగేది ఒక్కటే: ఆ డబ్బుని "దక్కాల్సింది" అనడానికి ఆధారం ఏమిటి?

విచిత్రం ఏమిటంటే, మార్కెట్‌ని నెత్తిన పెట్టుకున్న పెద్దపెద్ద ఆలోచనాపరులే ఈ మాట అనలేదు. షికాగో విశ్వవిద్యాలయంలో తరాల ఆర్థికవేత్తలకి పాఠం చెప్పిన ఫ్రాంక్ నైట్ 1923లోనే తేల్చేశాడు: మనిషికి ఆదాయం తెచ్చే సామర్థ్యం, ఆస్తి అనేవి వారసత్వం, అదృష్టం, కష్టం కలిసిన మిశ్రమమనీ, ప్రాముఖ్యంలో కూడా బహుశా అదే వరస అనీ. కష్టం మూడోది. ఆస్ట్రియాలో పుట్టిన ఆర్థికవేత్త హయెక్ అయితే ఇంకా నిక్కచ్చిగా, మార్కెట్ మనిషి యోగ్యతకి బహుమతి ఇవ్వదు, అతను చేసింది ఎదుటివాళ్ళకి ఎంత విలువైందో దానికి మాత్రమే డబ్బు ఇస్తుంది అన్నాడు. మార్కెట్ ఉండాలన్నది అతని వాదన. అది యోగ్యులకి పంచిపెడుతుందని మాత్రం అతను చెప్పలేదు. మన వాట్సాప్ గ్రూపుల్లో మార్కెట్ భక్తులు హయెక్ కన్నా నాలుగాకులు ఎక్కువే చదివారు.

యోగ్యత సంగతి వదిలేసి, ఇష్టం మీద కట్టిన వాదన ఒకటుంది. గట్టి వాదన. 1974లో రాబర్ట్ నోజిక్ అనే అమెరికా తత్వవేత్త విల్ట్ ఛాంబర్లెయిన్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడిని ఉదాహరణగా తీసుకున్నాడు. ముందు అందరికీ మీకు న్యాయం అనిపించినట్టే డబ్బు పంచెయ్యండి అంటాడు. ఆ తర్వాత పది లక్షల మంది ఈ ఆటగాడి ఆట చూడ్డానికి తలా 25 సెంట్లు ఇష్టంగా అతని డబ్బాలో వేస్తారు. సీజను చివరికి అతని దగ్గర రెండున్నర లక్షల డాలర్లు. ప్రతి పావలా ఇష్టపూర్వకంగా ఇచ్చిందే అయినప్పుడు మొత్తం ఎక్కడ అన్యాయమైంది?

దీనికి నా జవాబు మండీలో దొరుకుతుంది.

కాయ సాయంత్రం కోసి, క్రేట్లకెత్తి, రాత్రికి బండెక్కిస్తారు. తెల్లారి మండీలో క్రేట్లు వరసగా పేర్చి ఉంటాయి. వ్యాపారి తరఫు మనిషి వస్తాడు. పైన పేర్చిన నిగనిగలాడే కాయని చూడడు, చెయ్యి లోపలికి దూర్చి అడుగు నుంచి నాలుగు కాయలు పైకి లాగుతాడు, బొటనవేలితో నొక్కుతాడు, పెదవి విరుస్తాడు. వేలంపాట మొదలవుతుంది. అరనిమిషంలో అయిపోతుంది. రైతు రాత్రంతా నిద్ర లేని కళ్ళతో పక్కన నిలబడి ఉంటాడు. ఆ ధర నచ్చకపోతే ఏం చెయ్యగలడు? తిప్పి ఇంటికి తీసుకుపోతే మళ్ళీ బాడుగ, రేపటికి కాయ మెత్తబడుతుంది. పక్క మండీకి పోదామంటే నారుకీ మందులకీ అడ్వాన్సు ఇచ్చింది ఈ మండీవాళ్ళే, సరుకు ఇక్కడికే రావాలని మాట. ఇక వ్యాపారి చేతిలో రెండు ఫోన్లుంటాయి. చెన్నైలో ఎంత, కోల్‌కతాలో ఎంత, అన్నీ క్షణాల్లో తెలుస్తాయి. ఈ రైతు కాకపోతే ఇంకో రైతు, ఇప్పుడు కాకపోతే ఇంకో గంటకి. చివరికి చేతికొచ్చే చీటీలో కమీషను, హమాలీ, క్రేట్ల బాడుగ పోగా మిగిలింది రాసుంటుంది. "సరేనా?" అంటే రైతు "సరే" అంటాడు.

ఆ "సరే"ని, టికెట్టు కొని ఆట చూసొచ్చిన ప్రేక్షకుడి పావలాతో జతకట్టడం నాకు కుదరదు. ప్రేక్షకుడు ఆట మానేసి ఇంట్లో పడుకున్నా వాడికేమీ కాదు. రైతు అమ్మకపోతే సరుకు కుళ్ళిపోతుంది. బేరంలో ఎవరు ఆగగలరో, ఎవరు ఆగలేరో దాన్ని బట్టే ధర తేలుతుంది. ఆగగలిగే శక్తి ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే ముందునుంచీ ఉన్న డబ్బు నుంచే వచ్చిందని తేలుతుంది. అంటే నోజిక్ కథలో మొదటి వాక్యం, "ముందు అందరికీ న్యాయంగా పంచెయ్యండి" అన్నది, మన దగ్గర ఎన్నడూ జరగని పని. అది జరగకుండానే మనం కథని రెండో వాక్యం నుంచి మొదలుపెట్టి చివరి ఫలితాన్ని న్యాయం అంటున్నాం. రిజర్వు బ్యాంకు పరిశోధకుల 2024 అంచనా ప్రకారం మనం టమోటాకి పెట్టే ప్రతి రూపాయిలో రైతుకి చేరేది 33 పైసలు. వ్యాపారి దుర్మార్గుడని నేననను. వంద క్రేట్లు కొని దారిలో ఇరవై కుళ్ళితే ఆ నష్టం అతనిదే. కానీ ఆ నష్టాన్ని తట్టుకునే నడుము అతనికుంది.

రైతు కన్నా కింద ఇంకొకరున్నారు. టీవీల్లో కోటీశ్వరుల కథలు వచ్చినప్పుడు వాళ్ళు ఒక్కసారి కూడా కనబడలేదు. ఆ జూలైలో ఊరికెళ్ళినప్పుడు మా చిన్నాన్న తోటలో కోతకొచ్చిన ఒకావిడ్ని ఊరికే పలకరించాను, ధర బాగుంది కదా అని. "టమోటా రెండొందలైతే నా కూలి రెండొందలు పెరిగిందా నాయనా? పోయినేడు తీస్కపో అమ్మా అని సంచిలో పోసిరి. ఈయేడు కాయ లెక్కబెడతా ఉండారు" అంది నవ్వుతూ. మా చిన్నాన్న విననట్టు మోటరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆవిడ కోసే ఒక్క క్రేటు విలువ ఏప్రిల్‌తో పోలిస్తే ఎన్నో రెట్లయింది. ఎదుటివాళ్ళకి ఎంత విలువైందో దానికే మార్కెట్ డబ్బిస్తుందన్న హయెక్ మాట నిజమైతే ఆవిడ కూలి కూడా కొంచెమైనా కదలాలి. కదల్లేదు, ఎందుకంటే ఆటోలో రావడానికి పక్క ఊళ్ళలో ఇంకో పదిమంది సిద్ధంగా ఉన్నారు. ఆవిడకి "వద్దు" అనే వీలు లేదు. కూలీల "వద్దు"కి ఎప్పుడైనా కాస్త బలం వచ్చిందంటే, అది 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లెలో మొదలైన ఉపాధి హామీ పనితో వచ్చింది. మన రాష్ట్రంలో 2023-24లో ఆ కూలి రోజుకి 272 రూపాయలు. పెద్ద మొత్తమేమీ కాదు. ఆడా మగా తేడా లేకుండా ఒకటే రేటు. పొలంలో ఆడవాళ్ళకి తక్కువ ఇవ్వడం మామూలైన చోట అది చిన్న విషయమేమీ కాదు. ఉపాధి పని వచ్చాక కూలీలు దొరకడం లేదని, బద్ధకం పెరిగిపోయిందని రైతులు గొణగడం చిన్నప్పటినుంచీ వింటున్నాను. అంతకుముందు వాళ్ళు చవగ్గా దొరికింది బద్ధకం లేక కాదుగా, వేరే దారి లేక.

ఇక నా సంగతి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఊళ్ళో ఏడాదంతా ఎండలో వంగి పనిచేసినవాళ్ళకి వచ్చేది నాకు ఒక నెలలో వస్తుంది. దీన్ని నా ప్రతిభ అనుకోమని చెప్పేవాళ్ళు చాలామంది. ప్రతిభ బొత్తిగా లేదని నేనూ అనను, రాత్రుళ్ళు మేలుకుని చదివిన మాట నిజమే. కానీ నా ఇంజనీరింగ్ ఫీజు సర్కారు కట్టింది, ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద. ఆ పథకం రాకముందు నాకన్నా బాగా లెక్కలు చేసిన మా బడి కుర్రాళ్ళు ఇంటర్‌తో ఆగిపోయారు. వాళ్ళలో ఒకడు ఇప్పుడు మండీలోనే క్రేట్లు ఎత్తుతున్నాడు. నేను చేసే పనికి డాలర్లలో బిల్లు వెళ్తుంది. ఒక డాలరుకి ఎన్ని రూపాయలన్నది నా ప్రతిభ తేల్చలేదు. నాలుగేళ్ళ ముందు పుట్టుంటే ఇందులో ఏదీ నా దాకా వచ్చేది కాదు. అలాంటి నేను జీతం స్లిప్పులో పన్ను కోత చూసి "నా కష్టార్జితం దోచుకుంటున్నారు" అని స్టేటస్ పెడితే అంతకన్నా నవ్వులాట ఉంటుందా?

మా రంగంలోనే పైకి చూస్తే ఇంకా తమాషా. పెద్ద ఐటీ కంపెనీలు కొత్తగా చేరే పిల్లలకి ఏడాదికి మూడు, మూడున్నర లక్షలే ఇస్తున్నాయి. దాదాపు పదిహేనేళ్ళుగా ఆ అంకె అక్కడక్కడే తిరుగుతోంది. ఈలోపు అద్దెలు ఎంత పెరిగాయో బెంగళూరులో, హైదరాబాదులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మరోవైపు ఇన్ఫోసిస్ సీఈవో జీతభత్యాలు 2024-25లో 80 కోట్లు దాటాయి. షేర్ల విలువ కలిపిన లెక్క, చట్టబద్ధం, వార్షిక నివేదికలో అచ్చేసిందే. ఇక్కడా ఆగగలిగేవాళ్ళూ ఆగలేనివాళ్ళూ అన్న లెక్కే పనిచేస్తోంది. ఏటా లక్షల్లో బయటికొచ్చే ఇంజనీర్లు టమోటాల్లాంటివాళ్ళు: అందరూ ఒకేసారి కోతకొస్తారు, నిలవుండలేరు. రెండేళ్ళు ఖాళీగా ఉంటే "గ్యాప్ ఎందుకొచ్చింది?" అని అడుగుతారు.

ఇవన్నీ ఎంతోకొంత పని చేసి సంపాదించినవి. ఏమీ చెయ్యకుండా వచ్చే దాని ముందు ఇవి దిగదుడుపు. 2023 ఆగస్టు మొదటివారంలో, అంటే సరిగ్గా టమోటా ధర మండుతున్న రోజుల్లోనే, హైదరాబాదు పక్కన కోకాపేటలో సర్కారు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేలం వేస్తే ఎకరా 100 కోట్ల 75 లక్షలు పలికింది. వేలం వేసింది సర్కారు భూమి, ఆ డబ్బు ఖజానాకే పోయింది, బాగానే ఉంది. కానీ ఆ అంకె విన్న సాయంత్రమే చుట్టుపక్కల ప్రైవేటు భూములున్నవాళ్ళ ఆస్తి కూర్చున్నచోటే పెరిగింది. ఆ విలువ తెచ్చిన ఔటర్ రింగ్ రోడ్డు జనం డబ్బుతో వేసింది. అదే చోట భూమిని ఇరవై ఏళ్ళ కిందట కూతురి పెళ్ళికో ఆస్పత్రి ఖర్చుకో అమ్ముకున్న చిన్న రైతు కొడుకు ఇప్పుడు ఆ టవర్లలో ఒకదానికి సెక్యూరిటీ గార్డుగా ఉండటం అంత అరుదేమీ కాదు. అతని తండ్రి ఆగలేకపోయాడు, కొన్నవాడు ఆగగలిగాడు. ఆ తేడా పిల్లలకి కూడా వారసత్వంగా సంక్రమించింది. మన దేశంలో వారసత్వ ఆస్తి మీద ఎస్టేట్ డ్యూటీ 1985లో పోయింది, సంపద పన్ను 2015లో పోయింది. వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ వాళ్ళ లెక్కల్లో 2022-23లో దేశ సంపదలో 40 శాతం అందరికన్నా పైనున్న ఒక్క శాతం మంది చేతిలో ఉందంటే మరి ఉండదా?

"అయితే ధరలన్నీ సర్కారే నిర్ణయించాలా?" అని అడుగుతారు, అడగాలి కూడా. వద్దు. జూలైలో ధర పెరగబట్టే ఎక్కడెక్కడి రైతులో నాటారు, ఎక్కడెక్కడి కాయో లారీలెక్కింది. ఏ ఆఫీసరూ చెయ్యలేని పని అది. ఎన్ని తయారవ్వాలో సర్కారే తేల్చి, జనం స్కూటరుకి ఏళ్ళ తరబడి నిరీక్షించిన కాలం మా నాన్నకి తెలుసు. అప్పుడు సమానత్వం రాలేదు, పైరవీ ఉన్నవాడికి ముందు వచ్చింది, అంతే. ధర కబురు చెబుతుంది, చెప్పనివ్వాలి. ఆ కబురు మోసుకొచ్చిన డబ్బంతా తాకరాని సొత్తు అనడమే నేను ఒప్పుకోనిది.

పైగా సర్కారు చెయ్యి పెట్టకుండా ఏమీ లేదు, ఎటువైపు పెడుతుందో చూడాలి. 2023లో ధర పెరిగిన కొద్ది వారాలకే, జూలై 14 నుంచి, కేంద్రం మన రాష్ట్రంలోనూ కర్ణాటక, మహారాష్ట్రల్లోనూ టమోటా కొని ఢిల్లీ చుట్టుపక్కల కిలో 90కి అమ్మించింది. తర్వాత ఇంకా తగ్గించింది. ఆగస్టులో నేపాల్ నుంచి దిగుమతి. ఇక్కడ రైతు బజార్లలో కిలో 50కి ఇచ్చారు. తినేవాళ్ళ ఇబ్బంది చూసి చేశారు, తప్పనను. సెప్టెంబరులో ధర కూలినప్పుడు ఆ వేగం ఎవరికీ గుర్తు రాలేదు. ధరకి పైకప్పు ఉంది, నేల లేదు. టమోటాకి మద్దతు ధర లేదు. కేరళ 2020లో పదహారు రకాల కూరగాయలకి, పళ్ళకి, దుంపలకి కనీస ధర పెట్టింది, టమోటాకి కిలో 8 రూపాయలు, ఉత్పత్తి ఖర్చు మీద 20 శాతం కలిపి. కేరళ పండించేది తక్కువ, కాబట్టి దానికది తేలిక. మనలాంటి రాష్ట్రానికి ఖర్చు చాలా అవుతుంది. అవనీ. ఆ ఖర్చుకి డబ్బు జూలైల్లో సంపాదించినవాళ్ళ దగ్గరే ఉంది: నా దగ్గర, సీఈవోల దగ్గర, ఎకరాల మీద ఎకరాలు పట్టుకు కూర్చున్నవాళ్ళ దగ్గర.

ఇక్కడ మా ఊరివాళ్ళకి నచ్చని మాట ఒకటుంది. ఆ జూలై కోట్ల మీద ఒక్క రూపాయి ఆదాయపు పన్ను లేదు, వ్యవసాయ ఆదాయానికి మినహాయింపు ఉంది కాబట్టి. అదే సంవత్సరం కోత కోసిన ఆవిడ సబ్బు మీద, ఫోన్ రీచార్జి మీద జీఎస్టీ కట్టింది. పెద్ద కమతాల మీద పన్ను వెయ్యాలని ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ కమిటీ 1972లోనే చెప్పింది, ఏ పార్టీకీ ధైర్యం చాలలేదు. ఒక్క ఏడాది లెక్క చూసి వేస్తే మాత్రం అన్యాయమవుతుంది. టమోటా రైతు నాలుగేళ్ళు మునిగి ఒక ఏడాది తేలతాడు. అందుకని ఐదేళ్ళ సగటు తియ్యాలి, మునిగిన ఏళ్ళ నష్టం మినహాయించాలి, ఆ తర్వాత కూడా నా జీతాన్ని మించి మిగిలితే నేను కట్టే రేటుకే అతనూ కట్టాలి. అలా లెక్కేస్తే చిన్న రైతుల్లో ఎవరికీ పన్ను పడదు. పడేది ఎవరికో, వాళ్ళు ఈ ప్రతిపాదన వింటే ముందుగా ఎవర్ని అడ్డం పెట్టుకుంటారో మా చిన్నాన్నని అడిగితే పేర్లతో సహా చెబుతాడు.